వలసకు హేతువు: డావిట్ కుటుంబవృత్తాంత విమర్శనము

ఐర్లండునుండి యింగ్లండు, స్కాట్లండు, అమెరికాదేశముల యంత్రశాలలకుఁ బోయిన కుటుంబముల వృత్తాంతములు వారి సంతతివారిచేత విరివిగా వ్రాయఁబడుచున్నవి. పూర్వుల పేళ్లు, తేదులు, ఓడలు, వీథులు మిక్కిలి శ్రద్ధతో వెదకఁబడుచున్నవి. కాని వారేల వెడలిరను ప్రశ్నకు మాత్రము తఱచుగా నొక్కమాటయే సమాధానముగాఁ గానవచ్చును: కఱవు. తాతతండ్రి పుట్టిన తేదికి మూఁడు సాక్ష్యములు గోరు లేఖకుఁడు ఈ మాటకు సాక్ష్య మొక్కటియుఁ గోరఁడు. అది యెల్లరకుఁ దెలిసినదే గదా యని విడిచిపుచ్చును. ఎల్లరకుఁ దెలిసినది యొకానొక కుటుంబమునకు వర్తించినదని యెట్లు తేలెనో యడుగువారు లేరు. ఈ పరీక్షాలోపమును, సాక్ష్యము కొంత దొరకుచున్న యొక ప్రసిద్ధకుటుంబము నుదాహరణముగాఁ గొని విచారింపవలసియున్నది.

ముందుగాఁ బ్రశ్నయొక్క స్వరూపమును నిర్ణయింపవలెను. "ఏల" యను పదము తెలుఁగున రెండు ప్రశ్నలను గప్పియుంచును. ఎందువలన వెడలిరి యనుట యొకటి, ఎందుకొఱకుఁ జనిరి యనుట వేఱొకటి. మొదటిది పంచమి, రెండవది చతుర్థి. మఱియు "వలన" యనునది యపాదానమును జెప్పును, హేతువును జెప్పును. స్ట్రేడ్ గ్రామమువలన వెడలిరన్నచో విడిచిన చోటు తెలియును. బకాయివలన వెడలిరన్నచోఁ గారణము తెలియును. కూలికొఱకు వెడలిరన్నచోఁ బ్రయోజనము తెలియును. బాలవ్యాకరణము చేతఁబట్టిన విద్యార్థి యెఱిఁగిన యీ భేదమును వంశవృత్తాంతకారులు పాటింపకుండుటచేతఁ గఱవను నొక్కమాట యీ మూఁటిని మ్రింగుచున్నది. కఱవు పొలమునుండి వెడలింపవచ్చును గాని, ఫలానిపట్టణమునందలి ఫలాని నూలుమిల్లునకు దారి చూపఁజాలదు.

మైకేల్ డావిట్ 1879లో ఐర్లండున భూసంఘమును స్థాపించినవారిలో ముఖ్యుఁడు. 1846 మార్చి 25న మేయోమండలమునందలి స్ట్రేడ్ గ్రామమునఁ బుట్టెను. తండ్రి మార్టిన్, తల్లి కేథరిన్. 1850లోఁ గౌలు బకాయి పడినందున భూస్వామి యీ కుటుంబమును ఇల్లు వెడలించెను. వారు స్విన్‌ఫర్డ్‌లోని వర్కుహౌసునకు, అనఁగాఁ బని చేయించుకొని కూడు పెట్టు పేదల శాలకుఁ బోయిరి. మూఁడేండ్లు దాఁటిన మగపిల్లలను దల్లినుండి వేఱుచేయుట యచ్చటి నియమము. మైకేలునకు నప్పటికి నాలుగేండ్లు నిండియున్నవి. తల్లి యందుల కొడఁబడక బిడ్డలతో వెలుపలికి వచ్చెను. పిమ్మట వేఱొక కుటుంబముతోఁ గలిసి డబ్లిన్ చేరి, నవంబరునెలలో లివర్‌పూల్‌లో దిగి, అచ్చటనుండి 48 మైళ్లు నడిచి లాంకషైరులోని హాస్లింగ్డెన్ అను నూలుమిల్లుల పట్టణమునఁ గాపురము పెట్టిరి. మైకేల్ తొమ్మిదవయేఁట మిల్లుపనిలోఁ జేరెను. 1857 మే 8న బాక్సెండెన్‌లోని మిల్లునందు వాని కుడిచేయి పండ్లచక్రమునఁ జిక్కి నలిగెను. దానిని దీసివేయవలసివచ్చెను. పరిహార మేమియు రాలేదు.

ఈ వృత్తాంతము చాలవఱకు డావిట్ మూలముననే లోకమునకుఁ దెలిసినది. అతఁడు సభలయందుఁ జెప్పెను. 1904లోఁ బ్రకటించిన ఐర్లండు భూస్వామ్యపతనచరిత్రము నీ దృష్టితోడనే వ్రాసెను. కావున మూలమును బరీక్షింపవలసియున్నది. నాలుగేండ్ల శిశువునకుఁ దన యిల్లు పోవుట జ్ఞప్తి యుండుట యసంభవము గాదు. కాని కౌలెంత బకాయి పడినది, ఎన్నాళ్లు గడువిచ్చిరి, వర్కుహౌసు నియమ మెట్టిది యనునవి శిశువు స్వయముగా నెఱుఁగఁదగిన విషయములు గావు. అవి తల్లిదండ్రులవలన వినినవి. ఒకే వాక్యమునఁ బ్రత్యక్షమును శబ్దమును గలిసియున్నపుడు రెంటిని విడఁదీయుట విమర్శకుని పని. మఱియు డావిట్ భూస్వాములపైఁ బోరాడిన నాయకుఁడు. భూస్వామియే హేతువను కథ యాతని పక్షమునకు మిక్కిలి యుపకరించినది. ఇట్లనుటచే నాతఁడు కల్పించెనని తాత్పర్యము గాదు. తన పక్షమున కనుకూలించినంతమాత్రమున వాక్య మప్రమాణమగునని యే శాస్త్రమును జెప్పదు. సాక్ష్యాంతర మెంతవఱకుఁ దోడగుచున్నదో చూడవలెనని మాత్రమే తేలుచున్నది. టి. డబ్ల్యు. మూడీ యను చరిత్రకారుఁడు 1981లోఁ బ్రకటించిన గ్రంథము 1882 వఱకుఁ గల డావిట్ జీవితమును విపులముగా విచారించినది. ఈ విషయమునఁ బరిశ్రమ చేయఁగోరువారు నాయకుని వాక్యముతోనే తృప్తిపడక దానిని గూడఁ జూడవలెను.

ఇఁక గఱవు. బంగాళాదుంపతెగులు 1845లోఁ బొడసూపెను. 1846లోఁ బంట యించుమించుగా నంతయుఁ జెడెను. 1848లో మరల దెబ్బతినెను. దేశజనాభా 1841లో 81,75,124. 1851లో 65,52,385. మేయోమండలమున 3,88,887గా నున్న జనము సుమారు 2,74,000కుఁ దిగెను. ఈ యంకెలు భయంకరములు. కాని వీనినే హేతువిచారమునకుఁ బూర్తిగాఁ జాలునవని తలఁచుట సరి గాదు. మేయోలోఁ బదింట మూఁడుపాళ్లు తఱిగినచో, ఏడుపాళ్లు నిలిచియున్నవి. తఱిగినవారిలోఁ జచ్చిన వారెందఱో కలరు. కఱవున్నచోట నెల్ల వలస యుండెనను నన్వయము సిద్ధింపదు. డావిట్ కుటుంబమే యీ వాదమునకుఁ బ్రతికూలమైన దృష్టాంతము: 1846, 1847, 1848 సంవత్సరముల బాధ యంతయుఁ బడి, ఘోరతరమైన కాలమును స్ట్రేడ్‌లోనే గడపి, 1850లో వెడలినది. ఆఁకలియే చాలినంత హేతువైనచో నా కుటుంబము మూఁడేండ్లకు ముందే వెడలవలసినది.

అట్లని కఱవు హేతువు గాదనుటయు సాహసము. అది సాక్షాత్తుగాఁ గాక పరంపరగాఁ బనిచేసినది. ఆ పరంపర యెట్టిదో తెలియనివారు కఱవునకుఁ గౌలుబకాయికి సంబంధమే కానరు. పశ్చిమ ఐర్లండునందలి చిన్నరైతు దుంపలు దినెడివాఁడు. ఓట్లపైరును బందిని అమ్మి కౌలు గట్టెడివాఁడు. పంది మేయుటయు దుంపలమీఁదనే. దుంప చెడఁగానే మొదట ఓట్లు తిండిక్రిందఁ బోవును. పిమ్మట మేపలేక పందిని అయినకాడికి అమ్మవలసివచ్చును. మఱుసటియేఁట నమ్ముటకు నోట్లును లేవు, పందియు లేదు. అనఁగా దుంపతెగులు మొదట వాని కడుపును, తరువాత వాని కౌలును గొట్టును. ఒకటి రెండేండ్ల బకాయిని భూస్వామి యోర్చుకొన్నచో రైతు నిలుచును, ఓర్వనిచోఁ బోవును. ఒకే గ్రామమున నొకయిల్లు నిలుచుటయు నొకయిల్లు పడుటయు నీ తుదిమెట్టున నేర్పడుచున్నవి.

భూస్వామి యోర్వకుండుటకు శాసనములే ప్రోత్సాహము గలిగించినవి. 1843 నాఁటి శాసనముచేత, నాలుగు పౌనులకు మించని వెలగట్టఁబడిన కమతముల పేదలపన్ను భూస్వామియే చెల్లింపవలసివచ్చెను. చిన్నరైతు లెంత హెచ్చుగా నున్న నంత భారము. కావున వారిని దొలఁగించుట లాభమయ్యెను. 1847లో, పావుఎకరమునకు మించిన భూమి గలవానికి ధర్మాదాయమునుండి సహాయము లేదని మఱియొక నియమము గల్పింపఁబడెను. ప్రాణముకొఱకు భూమిని, భూమికొఱకుఁ బ్రాణమును వదలుకొనవలసిన స్థితి. పోలీసువారి లెక్కలఁబట్టి 1850లో వెడలఁగొట్టఁబడిన కుటుంబములు 19,949, జనులు 1,04,163. వారిలోఁ గొందఱు మరల నిండ్లలోఁ జేర్పఁబడిరి. డావిట్ కుటుంబ మీ సంవత్సరమునకే చేరినది. కావున భూస్వామి హేతువను డావిట్ వాక్యమునకుఁ గాలముచేతను శాసనముచేతను బలము గలుగుచున్నది. అయినను నాతని కథయందు భూస్వామికి వెనుక నిలిచియుండిన పార్లమెంటు కొంత మఱుఁగుపడుచున్నది.

ఈ వృత్తాంతమునందు సూక్ష్మముగాఁ జూడవలసిన ఘట్టము స్విన్‌ఫర్డ్. సంగ్రహముగాఁ జెప్పువా రిల్లు పోయినందున దేశము విడిచిరని యొక్కవాక్యమునఁ ద్రోసివేయుదురు. ఇల్లు పోయిన కుటుంబము పోయినది వర్కుహౌసునకు, ఓడరేవునకుఁ గాదు. భూస్వామి చేసిన పని స్ట్రేడ్‌నుండి వెడలించుటతో ముగిసినది. దేశమునుండి వెడలుటకు స్విన్‌ఫర్డ్ ద్వారమున నింకొక హేతువు పుట్టినది. అది యొక నియమము, దానికి లోఁబడనన్న యొక తల్లి. ఆ నియమ మొక్కయూరిది గాదు. స్త్రీలను, పురుషులను, పిల్లలను వేఱువేఱుగా నుంచుట 1838 నాఁటి శాసనముచే నేర్పడిన యీ శాలల కన్నింటికి సామాన్యధర్మము. దానిని సహించి లోపల నిలిచిన తల్లు లెందఱో కలరు. వారిని నిందించుటకుఁ గారణము లేదు. కేథరిన్ నిలువలేదు.

పాణినీయమున స్వతంత్రుఁడు కర్త యనియు, ఆ కర్తను బ్రేరేచువాఁడు హేతువనియు సంజ్ఞలు చేయఁబడినవి. ప్రేరేపింపఁబడినంతమాత్రమునఁ బ్రయోజ్యునకుఁ గర్తృత్వము పోదు. వాఁడు తన క్రియయందు స్వతంత్రుఁడే. చేయకుండుటకు వానికి శక్తి గలదు గనుకనే ప్రేరణ యవసరమగుచున్నది. వలసవృత్తాంతములు వ్రాయువారు కుటుంబములను సర్వత్ర కర్మకారకముగాఁ బ్రయోగించుచున్నారు: వెడలఁగొట్టఁబడిరి, త్రోయఁబడిరి, చెదరఁగొట్టఁబడిరి. స్ట్రేడ్‌విషయమున నీ కర్మణిప్రయోగము యుక్తమే. ఇంటిపైఁ బడిన బలమునకు వా రెదురాడఁజాలరు. స్విన్‌ఫర్డ్‌విషయమున నది యుక్తము గాదు. అచ్చట లోపల కూడు, వెలుపల నాఁకలి. రెండు దారులును దెఱచియున్నవి, ఒకటి యెన్నుకొనఁబడినది. చరిత్రకారుఁ డీ భేదమును గుర్తింపనిచో దరిద్రులకు హేతువు లుండునే కాని యభిప్రాయము లుండవని చెప్పినవాఁడగును. సంతతివారు తమ పూర్వుల కట్టి యన్యాయము చేయుట శోచనీయము.

ఇంతవఱకు నెందువలన వెడలిరను విచారము. ఎందుకొఱకు హాస్లింగ్డెన్ చేరిరను విచారము మిగిలియున్నది. ఆఁకలిగొన్న కుటుంబము లివర్‌పూల్‌లో దిగినపిదప నచ్చటనే యుండవచ్చును. నలువదెనిమిది మైళ్లు పిల్లలతో నడువ నక్కఱలేదు. ఇచ్చట రెండు సంగతులు గమనింపఁదగినవి. మొదటిది, కఱవునకు ముందే మేయోజనులకు నింగ్లండుదారి తెలిసియుండెను. వేసవిలోఁ గోఁతపనులకుఁ బోయి, కూలి డబ్బుతోఁ దిరిగివచ్చి కౌలు గట్టుట యాప్రాంతమున వాడుక. 1841 వేసవిలో నట్లు సముద్రము దాఁటినవారు దేశమంతటఁ గలిసి 57,000కుఁ బైబడి లెక్కింపఁబడిరి. అందుఁ గొనాట్ ప్రాంతమువారే యధికులు. కావున వలస యనఁగాఁ దెలియని లోకమునకు దూఁకుట గాదు. తాత్కాలికముగా నడచినబాటను శాశ్వతముగా నడచుట. రెండవది, హాస్లింగ్డెన్‌లో నప్పటికే ఐర్లండువారి పేట యుండెను. వారి భాష వినఁబడుచోట, ఒకరిద్దఱు తెలిసినవా రున్నచోటఁ జేరుట సహజము.

మిల్లు సంగతియు నిచ్చటనే విచారింపవలెను. మైకేల్ తల్లిదండ్రులు మిల్లుపనికొఱకు వెడలిరని కొందఱు తేలికగా వ్రాయుదురు. మిల్లులోఁ జేరినట్లు వృత్తాంతమున స్పష్టముగాఁ గానవచ్చువాఁడు కుమారుఁడు. అదియు నాలుగైదేండ్లు గడచిన పిమ్మట. 1844 నాఁటి కర్మాగారశాసన మెనిమిదేండ్లు నిండిన పిల్లలను అరపూఁటపనికిఁ బెట్టుకొనుట కనుమతించెను. పొలమున నెనిమిదేండ్ల బిడ్డ తినువాఁడు. మిల్లు పట్టణమున వాఁడే తెచ్చువాఁడు. బీదకుటుంబముల యాయవ్యయములలో నిది గొప్ప మార్పు. పతంజలి భాష్యమున నచేతనమునకును బ్రేరకత్వ మంగీకరింపఁబడినది. భిక్ష సమృద్ధిగా దొరకుచోట నివసించువాని విషయమున భిక్షయే నివసింపఁజేయుచున్నదని వ్యవహరింపవచ్చునఁట. హాస్లింగ్డెన్ మిల్లులు డావిట్ కుటుంబమును స్ట్రేడ్‌నుండి రప్పించినవనుటకు సాక్ష్యము లేదు. వారినచ్చట నివసింపఁజేసినవనుట కభ్యంతరము లేదు. రప్పించుట వేఱు, నిలుపుట వేఱు. మిల్లుపని యీ కుటుంబమునకు వలసహేతువు గాక నివాసహేతువగుచున్నది. ఆ నివాసమునకుఁ జెల్లించిన వెల మైకేల్ కుడిచేయి.

ఈ నిర్ణయమును సర్వత్ర వర్తింపఁజేయరాదు. వ్యతిరేకదృష్టాంతమునకు దూరము పోనక్కఱలేదు. స్కాట్లండులోని డండీనగరమునఁ గల ఐర్లండువారి సంగతి మఱియొకరీతిగా నున్నది. అచ్చట ఐర్లండునఁ బుట్టినవారు 1851లో 14,889. నగరజనాభా సుమారు 79,000. వారిలో స్త్రీల సంఖ్య యధికము. వారి రాక కఱవునకు ముందే మొదలయ్యెను. కావున దుంపతెగులును మూలహేతువనుట కాలవిరుద్ధము. వారిలోఁ బెక్కండ్రు మొనాఘన్, కావన్, ఫర్మనా మొదలగు మండలములనుండి వచ్చినవారు. ఆ ప్రాంతములు అవిసెనార వడకి బట్టలు నేయుటకుఁ బేరువడినవి. 1796లో ఆ వ్యవసాయమును బెంచుటకై ప్రభుత్వ మెకరము అవిసె వేసినవానికి నాలుగు రాట్నములును, అయిదెకరములు వేసినవానికి మగ్గమును బహుమానముగా నిచ్చెను. ఆ పట్టికలో నించుమించు అఱువదివేల పేళ్లు గలవు. వంశాన్వేషకులకు నది పెన్నిధి. అట్టి రాట్నములకుఁ గాలము దాపురించినది 1825లో. జేమ్స్ కే యనువాఁడు నారను నీటఁ దడిపి సన్నపునూలు వడకు యంత్రవిధానమును గనిపెట్టెను. 1830 నాఁటికి బెల్‌ఫాస్టు యార్కువీథిలో ముల్‌హాలండువారి పెద్దమిల్లు లేచెను. ఇంట రాట్నము త్రిప్పి కౌలునకుఁ దోడ్పడుచుండిన యాఁడువారి సంపాదనము వరుసగా నడుగంటెను. వారు చేతనైన పని యెచ్చట యంత్రరూపమున నున్నదో యచ్చటికిఁ బోయిరి. డండీ మొదట అవిసెనారకు, పిమ్మట బంగాళమునుండి వచ్చు జనపనారకుఁ బ్రసిద్ధము. ఇచ్చట యంత్రశాల రెండుచేతులఁ బనిచేసినది: ఒకదానితో నింటిరాట్నమును విఱిచి, వేఱొకదానితోఁ గూలి చూపి పిలిచినది. ఎందువలన, ఎందుకొఱకు అను రెండు ప్రశ్నలకును మిల్లే సమాధానము. డావిట్ కుటుంబవిషయమున నట్లు గాదు.

పేళ్లనుబట్టి మోసపోవుటకును డండీ యుదాహరణము. కాక్స్ సోదరుల పెద్ద జనపనారమిల్లు గల లాఖీపేటను జనులు చిన్న టిప్పరరీ యనిరి. టిప్పరరీ యచ్చటి కార్మికు లధికముగా వచ్చిన యుత్తరమండలములకు దూరమున దక్షిణమున నున్నది. ఎగతాళికిఁ బెట్టిన పేరు నపాదానముగాఁ గొని టిప్పరరీ దస్తరములు వెదకువాని శ్రమ వ్యర్థము.

సాక్ష్యసామగ్రినిగూర్చి స్వల్పముగాఁ జెప్పఁదగినది కలదు. 1821 మొదలు 1851 వఱకుఁ గల ఐర్లండు జనాభాలెక్కలు 1922 జూనులో డబ్లిన్ దస్తరశాల తగులఁబడినపుడు చాలవఱకు నశించెను. తరువాతివానిలో 1861 మొదలు 1891 వఱకుఁ గలవి ప్రభుత్వమువారిచేతనే నాశము చేయఁబడినవి. 1901, 1911 సంవత్సరములవి నిలిచియున్నవి. గ్రిఫిత్ వెలగట్టిన భూమిపట్టికలు 1847కును 1864కును నడుమఁ బుట్టినవి. పట్టికలో నొకపేరు లేకుండుట యా కుటుంబ మచ్చట నెన్నఁడును లేదనుటకుఁ బ్రమాణము గాదు. 1850లో వెడలిన కుటుంబమునకుఁ దరువాత వ్రాసిన పట్టికలోఁ జోటెట్లుండును? 1823–1837 నాఁటి దశమభాగపుఁబన్ను పట్టికలను దానితో సరిపోల్చినచో, మొదటిదాన నుండి రెండవదాన లేని పేళ్లు కనుఁగొనవచ్చును. ఆ పేరు పోయిన కమతము పొరుగుకమతముతోఁ గలిసిపోయెనా, బీడుగా మాఱెనా యనుదానినిబట్టి వెడలఁగొట్టుటకు స్వచ్ఛందముగాఁ బోవుటకుఁ గల భేదము కొంత యూహింపవచ్చును. ఇంగ్లండు జనాభాలెక్కలలోఁ బుట్టినచోటను గడియున ఐర్లండు అని దేశనామము మాత్రమే వ్రాయుట నియమము. ఏల వచ్చితిరను గడి యా లెక్కలయందు లేదు. కావున హేతువు పత్రములయం దెచ్చటను వ్రాసియుండదు; తేదులను, శాసనములను, పొరుగువారి గతిని బక్కపక్కన నిలిపి యనుమానింపవలసినదే.

డావిట్ కుటుంబము 1870 ప్రాంతమున హాస్లింగ్డెన్‌ను గూడ విడిచి అమెరికాలోని స్క్రాంటన్ అను బొగ్గుగనుల పట్టణమునకుఁ బోయినది. ఆ 1870లోనే మైకేల్ రాజద్రోహనేరమునకుఁ బదునైదేండ్ల శిక్ష పొందెను. రెండు సంగతులు నొకే సంవత్సరమునఁ గానవచ్చుటచేతఁ గుమారుని చెఱయే తల్లిదండ్రుల రెండవవలసకు హేతువని వ్రాయుటకుఁ గలము త్వరపడును. నెలలును దినములును దేల్చి, యేది ముందో యేది వెనుకో నిర్ణయించి, స్క్రాంటన్‌లో నప్పటికే చేరియుండిన మేయోజనుల సంగతి విచారించిన పిమ్మటఁ గాని యా వాక్యమును వ్రాయరాదు. స్ట్రేడ్‌నుండి హాస్లింగ్డెన్‌నకుఁ దెచ్చిన హేతువు నట్లే యోడయెక్కించి స్క్రాంటన్‌నకుఁ దీసికొనిపోవుట యసలే కుదురదు.